నాగమల్లి మొదట్లో బూడిద

పదకొండో భాగం

పోయిన వారం చదివినవాళ్ళకు యూనియన్ ఆఫీసు అరుగు గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ళకు రెండు మాటలు. మందమర్రి గని కార్మికుల వాడలో దెబోరా, పోశవ్వ ఒకే గోడకు అటూ ఇటూ ఇరవై ఆరేళ్ళు బతికారు. దెబోరా పెరట్లో నాగమల్లి చెట్టు ఉంది. ఈ ఏడాది అది నిలువునా ఎండిపోతోంది. ఎవరో మొదట్లో మందు పోస్తున్నారని దెబోరాకు అనుమానం వచ్చింది. ఒకరోజు తెల్లవారకముందే పోశవ్వ బకెట్టు పట్టుకుని ఆ చెట్టు కింద వంగి ఉండటం కళ్ళారా చూసింది. నలుగురినీ పిలిచి అరుగు మీద నిలదీసింది. పోశవ్వ కాదనలేదు. "పోసిన. అయితేంది?" అని కొంగు దులిపి వెళ్ళిపోయింది. తల్లికి జరిగిన ఆ అవమానంతో ఇక ఈ వాడలో ఉండలేనని పోశవ్వ కొడుకు సంపత్ శ్రీరాంపూర్ వైపు క్వార్టర్ మార్పించుకున్నాడు. గురువారం పొద్దున సామాను బండి వస్తుందన్నారు.

ఆ గురువారం రానే వచ్చింది.

మిరుగు కార్తె వచ్చి నాలుగు రోజులైనా చినుకు రాలలేదు. మబ్బు మాత్రం వాడ మీద బొగ్గుతట్ట బోర్లించినట్టు కదలకుండా ఉంది. పోశవ్వ గుమ్మం ముందు డీసీఎం బండి వెనక్కి తిరిగి ఆగింది. మంచాలు, బియ్యం డ్రమ్ము, కూలరు ఒకటొకటే బండిలోకి ఎక్కుతున్నాయి. దెబోరా కిటికీ రెక్క సగం మూసి, ఆ సగంలోంచి చూస్తూ నిలబడింది. కంపెనీ క్యాంటీన్‌లో ఆమెకు ఈ రోజు పొద్దుటి డ్యూటీ. ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. ఒంట్లో అంతా బాగానే ఉంది.

వెళ్ళిపోయేవాళ్ళను చూడటమంటే ఆమెకు మొదటినుంచీ భయం. ఆమెను విడిచిపోయినవాళ్ళెవరూ పోయొస్తామని చెప్పి పోలేదు. పదకొండేళ్ళ కింద భర్త దేవసహాయం సద్ది డబ్బా మరిచిపోయి మొదటి షిఫ్టుకు పోయాడు. డబ్బా పట్టుకుని ఆమె వీధి చివరిదాకా పరుగెత్తింది. బస్సు మలుపు తిరిగింది. ఆ పూటే గనిలో పైకప్పు ఆయన మీద కూలింది. ఆ డబ్బాలో వంకాయ కూర రెండు రోజులు అట్లాగే ఉంది. తీసి పారేయడానికి ఎవరికీ చేయి రాలేదు. చివరికి దాన్ని తీసి కడిగి బోర్లించింది పోశవ్వే.

'పోతే పోనీ. చెట్టును చంపిన మనిషి' అనుకుంది దెబోరా. అనుకుందే కానీ కిటికీ దగ్గరనుంచి కదల్లేదు.

ఆ చెట్టు సంగతి కొంచెం చెప్పాలి. ఇరవై నాలుగేళ్ళ కింద దేవసహాయం జానెడు మొక్కగా తెచ్చాడు దాన్ని. ఏడాది పొడుగునా వెచ్చగా, తడిగా ఉండే చోట పెరిగే చెట్టనీ, ఆదిలాబాద్ అడవుల మీంచి దిగే జనవరి చలికి ఇక్కడ నిలవదనీ నర్సరీవాడు అమ్మేటప్పుడే చెప్పాడట. అయినా తెచ్చాడు. మొదటి చలికాలం దానికి గోనెసంచిని చొక్కాలా తొడిగాడు. రెండో చలికాలం నుంచి మొదలును వెచ్చగా ఉంచే పని దెబోరా అందుకుంది. నీళ్ళు కాగబెట్టిన పొయ్యిలోంచి బూడిద తీసి, వేడి చల్లారిపోకముందే చుట్టూ పోసేది. ఇంటికి గ్యాస్ వచ్చాక కూడా స్నానాల నీళ్ళకు పెరట్లో పొయ్యి రాజేస్తూనే ఉంది.

పన్నెండేళ్ళు ఒక్క మొగ్గ వెయ్యలేదు. పదమూడో ఏట, దేవసహాయం పోయిన వేసవిలో, మొదటిసారి పూసింది. కొమ్మలకు కాదు, మాను పొడుగునా, భూమికి మూరెడు ఎత్తునుంచే వేలాడే గెలలతో. లోపల గులాబీ రంగు, వెలుపల పసుపు, మధ్యలో శివలింగం మీద పడగ విప్పిన పాములాంటి రేక. వాడంతా వచ్చి చూసింది. పోశవ్వ చెంపలేసుకుంది. "మీ యేసయ్య ఇంట్ల మా రాజన్న పూసిండే పిల్లా" అని నవ్వింది. అప్పటినుంచి ప్రతి సోమవారం దోసెడు పూలు పోశవ్వవి. వేములవాడ రాజన్న గుడికి పోయినప్పుడు బుట్టెడు. దెబోరా ఏనాడూ అడ్డం చెప్పలేదు.

ఏడాదికి రెండుమూడుసార్లు ఆకంతా రాల్చి, వారం తిరక్కముందే మళ్ళీ పచ్చగా నిండే చెట్టు అది. ఈసారి రాల్చి నెల దాటింది. వచ్చిన నాలుగు చిగుళ్ళూ కొసలు మాడి ముడుచుకున్నాయి. మొగ్గలు శనగ గింజంతవి కూడా కాకుండానే కింద పడ్డాయి.

పెరటి తలుపు చప్పుడైంది. సంపత్ కూతురు హర్షిణి. తోటల పెంపకంలో డిప్లొమా రెండో ఏడు చదువుతోంది. చేతిలో గడ్డపార ఉంది.

"అమ్మమ్మా, పది నిమిషాలియ్యి. బండి ఎల్లేలోపు చెట్టును ఒక్కసారి సూస్త."

"సూసి ఏం జేస్తవ్ బిడ్డా? మీ నానమ్మ జేసింది సాలలేదా?"

"గందుకే వచ్చిన. మా నానమ్మ ఏం జేసిందో నాకు ఎర్క గావాలె. అడిగితే నోరిప్పుతలేదు."

దెబోరా వద్దనలేకపోయింది. ఆ పిల్ల పలక పట్టిననాటినుంచి ఈ పెరట్లోనే పెరిగింది. హర్షిణి ముందు బెరడును గోటితో గీకి చూసింది. ఆకు కొసలు వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత మానుకు రెండు మూరల దూరంలో గడ్డపార వేసింది. అది మట్టిలో దిగలేదు. గచ్చు మీద పడ్డట్టు టక్కుమని ఎగిరింది.

మళ్ళీ వేసింది. మూడో దెబ్బకు పెంకు లాంటిది లేచింది. నాలుగు వేళ్ళ మందం, బూడిదరంగు పలక. దాన్ని అటూ ఇటూ తిప్పి దెబోరా చేతిలో పెట్టింది.

"గిదేంది అమ్మమ్మా?"

"బూడిదే. చలికి మొదలు వెచ్చగుండాలని పోస్త. ఎరువు గూడనాయె. మంథనిల మా అవ్వ గిట్లనే పోసెటిది, జామకు, కాకర పాదుకు. మంచిగ కాసెటియి."

"మీ అవ్వ పొయ్యిల ఏం కాలెటిది?"

"ఏం కాలుతది? కట్టెలు."

"నువ్వేం కాలుస్తవ్?"

దెబోరా పెరట్లోని పొయ్యి వైపు చూసింది. వాడలో ఎవరినడిగినా చెప్పే జవాబే అది. బొగ్గు. కంపెనీ బొగ్గు. ఈ గనుల మీద బతికేవాళ్ళకు పొయ్యి అంటే బొగ్గే, బూడిద అంటే బొగ్గు బూడిదే. వేరే బూడిద ఉంటుందన్న ఆలోచన కూడా పోయి ఎన్నేళ్ళయిందో.

"కట్టె బూడిద వేరు, గిది వేరు అమ్మమ్మా" అంది హర్షిణి మెల్లగా. "గిది నీళ్ళు తాగి తాగి సిమెంటోలె గడ్డకట్టింది. వేర్లకు గాలి ఆడుత లేదు. దీంట్ల ఉండే ఉప్పులు ఎక్కి ఆకుల కొసలు మాడుతున్నై. మందు పోస్తే వారంల పోతుండె. వేన్నీళ్ళు పోస్తే బెరడు ఊడుతుండె. గా గుర్తులేం లెవ్వు. గిది ఏండ్లకేండ్ల నుంచి..." అని ఆపేసింది.

చలికాలంలో తన పొయ్యి బూడిద చాలక వాడలో పన్నెండిళ్ళు తిరిగి తట్టతో అడిగి తెచ్చుకునేది దెబోరా. "బూడిదమ్మ వచ్చింది" అని ఆడవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. ఒక్కరోజు కూడా మానలేదు. జ్వరంలో కూడా మానలేదు.

"బతుకుతదా?" అంది దెబోరా.

"సగమన్న బతుకుతది. గీ పెచ్చంత చుట్టూ తీసెయ్యాలె, మోకాలు లోతు దాక. ఎర్రమట్టి, మాగిన పెంట ఎయ్యాలె. గదీ వాన పడకముందే. వాన పడ్డదంటే ఉప్పంత ఇంక లోపటికి దిగుతది." హర్షిణి మబ్బు వైపు చూసింది. "ఇయ్యాల్నే తవ్వాలె అమ్మమ్మా. రేపటిదాక ఆగేటట్టు లేదు."

దెబోరా అప్పటికే నడుస్తోంది. చేతిలో బూడిద పలక అట్లాగే ఉంది.

పోశవ్వ బండి పక్కన బొంతల మూట మీద కూర్చుని రోలుకు తాడు కడుతోంది. తల ఎత్తి చూసింది.

"వచ్చినవా? ఇంకేడేడ ఏం పోసిన్నో అడగనీకి వచ్చినవా? మీ నల్లా నీళ్ళల్ల గూడ పోసిన్నేమో, తాగేముందు జర వాసన సూసుకో."

బండిలో సామాను సర్దుతున్న సంపత్ మొహం అటు తిప్పుకున్నాడు.

"వదినె, నువ్వేం పోయలే."

"పోసిన అన్న గద. నలుగుట్ల ఒప్పుకున్న గద. ఇగ ఇడిసిపెట్టు."

"పోసింది నేను. నా చేతులతోని నేనే పోసుకున్న. గిదో." పలక చూపించింది. "గీ బూడిద. నీకు ఎర్కనే గద? ఎర్క ఉండి గూడ నలుగుట్ల నింద మీదేసుకున్నవ్. ఎందుకు వదినె?"

పోశవ్వ తాడు వదిలి పలక వైపు చూసింది.

"గా పెచ్చు ఏడిది?"

"హర్షిణి తవ్వి సూపిచ్చింది. ఇంక తవ్వుతదట, మోకాలు లోతు..."

పోశవ్వ లేచింది. మోకాళ్ళ నొప్పులతో వీధి చివరి కిరాణాకు పోవడానికి ఇద్దరి చేయూత కావాల్సిన మనిషి, రోలును ఒడిలోంచి జారవిడిచి, చెప్పులు కూడా లేకుండా దెబోరా పెరట్లోకి ఉరికింది.

"ఆపు పొల్లా! గా గడ్డపార కింద పడెయ్!"

హర్షిణి చేయి గాలిలోనే నిలిచింది. పోశవ్వ మానుకు అడ్డంగా పోయి, తవ్విన చోటే కాళ్ళు చాపి కూలబడింది. రొప్పుతోంది.

"నానమ్మా, నీ మీది నింద పోయింది. నువ్వేం చెయ్యలే అని..."

"నా నింద నాకుండనియ్యి. పో, మీ నాయన పిలుస్తుండు."

"నాయన పిలుస్తలేడు నానమ్మా."

"పిలుస్తడు. పోయి గాడ నిలవడు, గప్పుడు పిలుస్తడు."

హర్షిణి ఇద్దరి మొహాలూ చూసి, గడ్డపార గోడకు ఆనించి వెళ్ళిపోయింది. పెరట్లో ఇద్దరే మిగిలారు. ఎక్కడో దూరంగా ఓపెన్‌కాస్ట్‌లో పేలుడు జరిగింది. కిటికీ అద్దాలు ఒకసారి వణికి ఊరుకున్నాయి.

"రోజు ఒక బకెట్టు తీసిన" అంది పోశవ్వ నేల వైపు చూస్తూ. "నువ్వు సూసింది గదే. పోస్తలే, తీస్తున్న. పైపైన తీసి తీసుకపోయి మోరి అవతల పోసిన. మన హర్షిణి పుస్తకంల బొగ్గు బూడిద చెట్లకు మంచిది గాదని సదువుతుంటె ఇన్న, గప్పటి సంది తీస్తనే ఉన్న. లోతుకు పోదామంటే నా చెయ్యి రాలే."

"నాకు ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద!"

"ఎట్ల చెప్పుదు?" పోశవ్వ గొంతు పెరిగింది. "పొద్దుగూకంగ తట్టల బూడిద పట్టుకొస్తవ్. అరచెయ్యి పెట్టి సూస్తవ్, మరీ కాలుతుందా అని. పసిపిల్లకు తానం నీళ్ళు సూసినట్టు సూస్తవ్. సూసి చుట్టూ మెత్తగ పోసి, గప్పుడు లోపటికి పోయి పంటవ్. దేవసహాయం తమ్ముడు పోయిన కాన్నుంచి గట్ల పోసి వస్తెనే నీకు నిద్ర. కింద ఎవలున్నరో నీకు ఎర్క లేకపాయె. నాకు ఎర్క. వద్దని ఎట్ల నోరొస్తది నాకు?"

దెబోరా చెట్టు మొదలు వైపు చూసింది.

"కింద ఎవలున్నరు?"

పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఇరవై నాలుగేళ్ళ కింద, పెళ్ళయిన పన్నెండేళ్ళకు, దెబోరాకు ఒకే ఒక్కసారి కడుపు పండింది. ఊరి బయట ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో కాన్పు. ఆ నర్సింగ్ హోమ్ ఎప్పుడో మూతపడింది, ఆ బిల్డింగులో ఇప్పుడు టైర్ల దుకాణం ఉంది. కాన్పైన గంటలోనే ఆమెకు మూర్ఛలు వచ్చాయి. కళ్ళు తెరిచేసరికి పదకొండు రోజులు గడిచాయి. బిడ్డ లేడన్నారు. వాగు అవతల సమాధుల తోటలో, తన తల్లి పక్కన పెట్టానని దేవసహాయం చెప్పాడు. మూరెడు మట్టి దిబ్బ, పేరు లేని చిన్న సిలువ చూపించాడు. ప్రతి ఈస్టర్ తెల్లవారుజామున దెబోరా ఆ దిబ్బ మీద కొవ్వొత్తి వెలిగించింది. గాలికి ఆరిపోతే చేతులు అడ్డం పెట్టి మళ్ళీ వెలిగించింది.

"ముసురు" అంది పోశవ్వ. "నాలుగు రోజులు తెరిపి లేదు. వాగు రోడ్డు మీదికెక్కింది. తోటకు పోను తొవ్వ లేదు. తమ్ముడు మూట పట్టుకుని వానల నిలవడ్డడు. నువ్వేమో దవాఖానల తెలివి లేకుంట ఉంటివి. గీడ కంపెనీ జాగ, ఎవలన్న సూస్తె తీపిస్తరని భయం. వానకు పట్టపగలే అందరు తలుపులు పెట్టుకుని పన్నప్పుడు గీడ్నే గుంత తవ్విండు. వాన ఎలిసినంక తోటకు తీసుకపోదామన్నడు. ఎలిసింది. పార పట్టుకుని గంట సేపు నిలవడ్డడు. మళ్ళ తవ్వుడు నా తోని కాదక్కా అని ఏడ్చిండు. గా దిబ్బ ఉత్తదే పిల్లా. నీ కోసం పోసిండు."

"చెట్టు..."

"చెట్టు గందుకే తెచ్చిండు. ఏ చెట్టు పెట్టినా రేపు ఎవడో ఒకడు కొడతడు, నాగమల్లి అయితే మీ రాజన్న చెట్టని ఎవ్వలు గొడ్డలి ఎయ్యరు గద అక్కా, అన్నడు. నీకు చెప్పద్దని నా చెయ్యి ఆయన నెత్తి మీద పెట్టిచ్చుకున్నడు. గా పొద్దు నుంచి నీ ముంగట పిల్లల మాటే ఎత్తలే నేను. ఎత్తితే నోరు జారుతనని."

దెబోరా నెమ్మదిగా వచ్చి, పోశవ్వ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇరవై మూడు చలికాలాలు ఆమె పోసిన బూడిద ముందు గట్టిగా, చల్లగా ఉంది. దాని మీద అరచేయి ఆనించి చాలాసేపు ఉంచింది. తోటలో ఉత్త మట్టికి వెలిగించిన కొవ్వొత్తులు ఒకటొకటే గుర్తుకొస్తున్నాయి. దేవసహాయం మీద కోపం రావాలి. రాలేదు. ఆదివారాలు ఈ చెట్టు కింద కుర్చీ వేసుకుని, పేపరు చదువుతున్నట్టు గంటల తరబడి ఒకే పేజీ పట్టుకుని కూర్చునే మనిషి వీపు కనిపించింది.

"తీద్దాం వదినె" అంది చివరికి. "గడ్డపార వద్దు. చేతులతోని తీద్దాం. మెల్లగ. చెట్టు పోతే గీ జాగకు గుర్తు గూడ ఉండదు."

"బండి..."

"ఆగనియ్యి."

ఇంట్లోంచి కొబ్బరి చిప్పలు రెండు తెచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పెచ్చు అంచులు కదిలించడం మొదలుపెట్టారు. పొలుసులు పొలుసులుగా లేస్తోంది. కింద వేర్లు నల్లగా మెత్తబడి ఉన్నాయి. అక్కడక్కడ ఒకటి తెల్లగా, ప్రాణంతో ఉంది. అట్లాంటిది కనిపించినప్పుడు పోశవ్వ వేలితో మట్టి ఎగదోసి కప్పుతోంది. వీధిలోంచి సంపత్ రెండుసార్లు పిలిచాడు. ఇద్దరూ పలకలేదు.

"మొఖం ఎట్లుండె?" అని అడిగింది దెబోరా తల ఎత్తకుండానే. "నేను రెప్పపాటు సూసిన గంతే."

"నిద్ర పోయినట్టే ఉండె. నేనే తానం పోసిన. కొత్త బట్ట యాడ తేను గప్పుడు? మా బిడ్డ జమున చిన్నప్పటి పట్టు లంగ ఉండె, గులాబి రంగుది. గది చుట్టిన. ఆడపిల్ల గద, లంగ కట్టుకునే రాత లేకపాయె, గిట్లనన్న కట్టుకుంటదని..."

దెబోరా చేతిలోని చిప్ప ఆగింది.

"ఏమన్నవ్?"

"ఏమన్న?"

"ఆడపిల్ల అన్నవ్."

"ఆడపిల్లనే గదనే మరి."

"వదినె." దెబోరా చిప్పను నేల మీద పెట్టింది. మాట చాలా నెమ్మదిగా వచ్చింది. "నర్సమ్మ కాళ్ళు పట్టి ఎత్తి నా కండ్ల ముంగట పెట్టింది. కొడుకమ్మా అన్నది. నేను సూసిన. గుక్క పట్టి ఏడుస్తుండె. మొగపిల్లగాడు."

వీధిలో బండి హారన్ మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. పోశవ్వ దెబోరా మొహంలోకి చూస్తూనే ఉంది. ఆమె పెదవులు ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కదిలాయి.

"తమ్ముడు బట్ట ఇప్పి సూడలే పిల్లా" అంది. "గా నర్సింగ్ హోమోళ్ళు ఎట్ల చుట్టిచ్చిన్రో గట్లనే తెచ్చి నా చేతుల పెట్టిండు."